నడిస్తే వాళ్ళవి

హలో… ఆ, నేనే. నా ఫోను నేనెత్తక ఇంకెవరెత్తుతారు? చెప్పు… గట్టిగా చెప్పు, స్పీకర్లో పెట్టా. రెండు చేతులూ మిషను మీదున్నాయి.

…

ఆగాగు. నువ్వు నోరు తెరవకముందే నేనొక మాట చెప్తా, విను. ఇంకొక్క బాతుపిల్ల కూడా వద్దు. ఒక్కటంటే ఒక్కటి. కాలు వంకరదైనా సరే, వేళ్ళు ముడుచుకున్నదైనా సరే, అసలు కాలే లేనిదైనా సరే… అట్టపెట్టె పట్టుకుని మా గుమ్మం ఎక్కావో, నిన్నూ ఆ పెట్టెనీ కలిపి బయట పెట్టి తలుపేసుకుంటా.

… నవ్వకు. నేను సరదాకి చెప్పట్లేదు.

… ఎందుకంటే ఏంటి? ఒకసారొచ్చి చూడు.

… అది రావడమంటారా? పెట్టె గుమ్మంలో పెట్టి, "అక్కా, చూసుకో" అని పళ్ళికిలించి బస్సుకి పరిగెత్తడం. పెరట్లోకొచ్చి చూడు. స్నానాల గదిలో టబ్బు వాటిదే. మీ బావ బకెట్టు పట్టుకుని, కాస్త జరగండమ్మా, కాస్త జరగండమ్మా అని వాటిని బతిమాలుకుంటూ స్నానం చేస్తున్నాడు. నిన్న ఒకావిడకి తెల్ల గౌను కుట్టిచ్చా. ఇంటికెళ్ళి విప్పి చూసుకుంటే వీపు మధ్యలో బాతు అడుగు. "ఈ డిజైను నేనడగలేదే" అంటుంది. ఏం చెప్పను? ఉతికిచ్చా.

… ఆ, నవ్వు. నీకేం.

… ఏది? మొన్న తెచ్చిన వేళ్ళు ముడుచుకున్నదా? దాని మాటెత్తకు నా దగ్గర. అట్టముక్కతో చెప్పు కత్తిరించి, వేళ్ళు ఒక్కోటీ విడదీసి, టేపుతో అంటించా. పొద్దున చూస్తే చెప్పొకచోట, టేపొకచోట, అదేమో నీళ్ళ గిన్నెలో. మళ్ళీ కత్తిరించా. మళ్ళీ ఊడదీసుకుంది. నేను బట్టలు కుట్టేదాన్నా, బాతులకి చెప్పులు కుట్టేదాన్నా నాకే తెలియట్లేదు.

… ఆ, ఆ రెండూ బాగానే ఉన్నాయి. కాళ్ళు చెరో పక్కకీ జారిపోయేవే కదా? ఎలాస్టిక్ ముక్కతో రెండు కాళ్ళూ దగ్గరికి కట్టి, కింద గోనె పరిచి వదిలా. ఇప్పుడు లేచి తిరుగుతున్నాయి. మీ హేచరీ వాళ్ళు ట్రేల్లో నున్నటి కాయితం పరుస్తారేంటిరా? అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాని మీద నిలబడమంటే ఎక్కడ నిలబడుతుంది? జారుతుంది, జారి జారి కాళ్ళు విడిపోతాయి. సూపర్‌వైజరుకి చెప్పమని ఎన్నిసార్లు చెప్పా? … చెప్పలేదు. నాకు తెలుసు. ఆయన ముందు నీకు నోరెక్కడుంటుంది.

… మేస్త్రికేం. ఒంటికాలి బాతైనా దర్జాగా ఉంది. పెరట్లో రాజ్యమంతా దానిదే. అసలు ఈ గొడవంతా దానితోనే కదా మొదలైంది. చొక్కా జేబులో వేసుకొచ్చి, "అక్కా, దీనికి మోకాలి కింద ఏమీ లేదే, పారేసే డ్రమ్ములో వేయడానికి చెయ్యి రాలేదే" అన్నావు. నేను కూడా కరిగిపోయా, నా ఖర్మ. ఇప్పుడేమో నేను కుట్టిన స్పాంజి తొడుగు వేసుకుని నాలుగు గెంతులు గెంతుతుంది, కూర్చుంటుంది. అది కూర్చుంటే వెనకున్న మంద మొత్తం కూర్చుంటుంది. బాగా నడిచేవి కూడానురా! కళ్ళు తెరిచిన రోజు నుంచీ దాని వెనకే తిరిగాయి కదా, నడకంటే అదే అనుకున్నాయి. మళ్ళీ అది లేస్తే ఇవి లేస్తాయి. కాలవెంత దూరం? మా సందు చివర. అక్కడికి తోలుకెళ్ళి తోలుకొచ్చేసరికి నా పని సగం పూట గంగలో కలుస్తోంది. వీటికి కాళ్ళయితే ఇచ్చావు గానీ నడక ఇవ్వలేదే అని మీ బావ ఎగతాళి.

… ఏంటి?

… ఏదో చెప్పబోయి ఆపావు.

… నీళ్ళు నమలకు. ఎవరొస్తున్నారు?

… మీ సూపర్‌వైజరా? మా ఇంటికా? ఎందుకు, చొక్కా కుట్టించుకోడానికా?

…

ఉండు. మిషను ఆపనీ. … ఆఁ. మళ్ళీ మొదట్నుంచి చెప్పు.

… ఊఁ.

… ఊఁ.

… దొంగా? నిన్నా?

… అంటే నువ్వు మంచి పిల్లల్ని ఏరి, కుంటివని పక్కన పెట్టి, మా ఇంటికి చేరేస్తున్నావు. నేను వాటిని మేపి గుడ్లు అమ్ముకుంటున్నాను. అక్కా తమ్ముళ్ళిద్దరం కలిసి హేచరీని దోచేస్తున్నాం. అదేనా ఆయన అనేది?

… ఒరేయ్, నిలబడలేని పిల్లని నీలం డ్రమ్ములో పడేయమన్నదెవరు? వాళ్ళే కదా. పడేయాల్సినవాటిని నువ్వు తెచ్చావు. నేను నిలబెట్టా. ఇందులో దొంగతనమెక్కడుంది? … ఈ ముక్క ఆయనతో అన్నావా?

… అనలేదు. తలకాయ దించుకుని నిలబడ్డావు. ఇవాళ్టికి బయటికి పొమ్మంటే వచ్చేశావు.

… అదే అడుగుతున్నా, అసలు ఆయనకెలా తెలిసింది? పక్కింటావిడే అయ్యుంటుంది. పొద్దస్తమానం గోడ మీంచి తొంగి చూస్తూ ఉంటుంది, బాతుల కంపు బాతుల కంపు అని. ఆవిడ బంధువెవరో మీ హేచరీలో—

… కాదా?

… ఫోటోనా? ఏ ఫోటో?

… మావేనా? వరసగా నిలబడ్డవా? … ఎక్కడ చూశాడు? … ఏ గ్రూపు? … మీ హేచరీ గ్రూపులోనా? ఓనరు కూడా ఉండే గ్రూపులోనా?

… ఎవరు పెట్టారు?

… నేనడిగింది ఎవరు పెట్టారని. ఎందుకు పెట్టారని కాదు.

…

నువ్వా.

…

కాసేపు మాట్లాడకు. నన్ను కాసేపు మాట్లాడించకు.

…

ఫోటో కింద ఏం రాశావు? … చదువు. … చదవరా, ఊరంతా చదివాక నా దగ్గర సిగ్గేంటి.

… "మనం పారేసినవే ఇవి. మా అక్క నిలబెట్టింది."

…

ఏడ్చినట్టుంది. నిక్షేపంగా పనిచేసుకుంటున్నవాడివి, నువ్వు చూసుకోవడానికి నేను పంపిన ఫోటో అక్కడ పెట్టమని ఎవరడిగారురా నిన్ను? అన్నీ నిటారుగా నిలబడి ఉన్న ఫోటో పెట్టి, ఇవన్నీ మీ డ్రమ్ములోవే అంటే, చూసినవాడు ఏమనుకుంటాడు? ఆహా ఎంత బాగా పెంచిందో అనుకుంటాడా? వీటికేం రోగం, వీడెందుకు పారేశాడు అనుకుంటాడు. ఆ మాత్రం తట్టలేదా నీ బుర్రకి?

… గర్వంగా అనిపించిందా. నీ గర్వం తగలెయ్య.

… ఆ మాట ఎప్పుడైనా నా మొహం మీద అన్నావా? "అక్కా, బాగా చేశావు" అని ఒక్కసారి? పెట్టె పెట్టి పరిగెత్తడమే. లోకమంతటికీ చెప్పావు, నాకు తప్ప.

… సరే, సరే. ఇప్పుడు చెప్పకు. ఇప్పుడు చెప్తే ఇంకా ఒళ్ళు మండుతుంది.

… వచ్చి ఏం చేస్తాడట? … నడిపించి చూస్తాడా? … నడిస్తే? … మందనంతా బండిలో ఎక్కించుకుపోయి, నిన్ను పనిలోంచి పీకేస్తాడు. నడవకపోతే? … వదిలేస్తాడు. బాతుల్నీ, నిన్నూ. బాగుంది. చాలా బాగుంది. నడిస్తే వాళ్ళవి, నడవకపోతే నావి. నేను కట్టిన కట్లు, నేను వేసిన చెప్పులు, పశువుల డాక్టరు చుట్టూ తిరిగి తెచ్చి నీళ్ళలో కలిపిన బలం పొడి, ఇవన్నీ కలిసి ఇప్పుడు నీ మెడకి చుట్టుకున్నాయి. అవి కుంటుతూ ఉంటే నువ్వు దొరలా తిరిగేవాడివి.

… ఏంటీ? మళ్ళీ అను.

… కాళ్ళకి కట్లు కట్టాలా? ఆయనొచ్చి పోయేదాకా?

…

ఒరేయ్. అవి మొదటిసారి కట్టు లేకుండా అడుగేసినప్పుడు నువ్వు లేవు. నేనున్నా. కుడుతున్న బట్ట కుడుతున్నట్టే వదిలేసి, నేల మీద బోర్లా పడుకుని చూశా, పిచ్చిదానిలా. పడుతుంది, లేస్తుంది. పడుతుంది, లేస్తుంది. విప్పిన కట్లు మళ్ళీ ఈ చేత్తో కట్టమంటున్నావా? నా వల్ల కాదు. పో.

… దాచడమా? ఎక్కడ దాస్తా, బీరువాలోనా? ఆయన గుమ్మంలోకి రాగానే అన్నీ కలిసి రాగాలెత్తుకుంటాయి.

… ఎక్కడో కొన్నానని చెప్పను. అబద్ధం చెప్పను. నా చేతి పని అది.

…

ఏడుస్తున్నావా?

… జలుబా. సరే, జలుబే.

… మరదలికి చెప్పావా? … చెప్పలేదు. నెలలు నిండుతున్న మనిషి, రేపు ఎవరో చెప్తే వింటుంది. అది ఇంకా బాగుంటుంది. … కాదురా, తిట్టట్లేదు. సైకిలు షాపులో నిలవలేదు. ప్రెస్సులో నిలవలేదు. లారీ మీద క్లీనరుగా వెళ్ళి, రెండో మలుపులోనే వాంతులు చేసుకుని తిరిగొచ్చావు. ఈ ఒక్క చోటే కదా నువ్వు కుదురుగా ఉన్నది. వేడి గదుల్లో గుడ్లు తిప్పుకుంటూ, ట్రేలు మోసుకుంటూ… నచ్చింది కదా నీకు ఆ పని? … నాకు తెలుసు. నువ్వు ఫోన్లో ఆ పని గురించి చెప్పేటప్పుడు నీ గొంతే వేరుగా ఉంటుంది. అందుకే నాకింత మంట.

… ఏం చేస్తానో నాకూ తెలియదు. నువ్వు మాత్రం ఇక ఏమీ చేయకు. నువ్వు చేసింది చాలు.

… ఉండు.

బండి ఆగింది. ఆయనది ఎర్ర బండా? … సిల్వర్ రంగు హెల్మెట్టా? … ఆయనే. ఫోను పెట్టేయకు. కొలతల టేపు పెట్టుకునే జేబులో వేసుకుంటున్నా. విను, కిక్కురుమనకు. దగ్గావో, చంపేస్తా.

…

రండి సార్. … ఆ, నేనే, వాడి అక్కని. … పర్లేదు, చెప్పులతోనే రండి, పెరడంతా తడి. … టీ పెట్టమంటారా? … వద్దా. మీ ఇష్టం.

ఇటు సార్. ఆ తీగకి తల తగులుతుంది, చూసుకోండి.

… ఇవే. … లోపలేం లేవు. టబ్బులో ఒక చిన్నది ఉంది, కాలికి అట్ట చెప్పుంది దానికి. తెచ్చి చూపించనా? … సరే, వద్దు.

… అవును సార్, ఆ ఫోటోలోవి ఇవే. … నిలబడే ఉన్నాయి. నిలబడతాయి. … ఎందుకు నిలబడుతున్నాయంటే నేను నిలబెట్టాను కాబట్టి. మీ దగ్గర్నుంచి వచ్చినప్పుడు చూడాల్సింది మీరు, ఒక్కటీ… … మా వాడు అబద్ధమాడేవాడు కాదు సార్. వాడికంత తెలివి కూడా లేదు.

… నడుస్తాయి. … తప్పకుండా చూడండి. దాణా డబ్బా ఆడిస్తే చాలు, వస్తాయి.

రా, రా, రా… రా మేస్త్రీ… రా, రా… అదీ… రా, రా…

…

… కూర్చున్నాయి.

… లేదు సార్, నీరసం కాదు. పొద్దున బాగా తిన్నాయి. ఆ ముందున్న దానికి ఒక కాలు లేదు. అది కూర్చుంది, అందుకని ఇవి కూర్చున్నాయి. … నిజమే. వీటి కాళ్ళకేమీ లేదు. … ఉండండి, మళ్ళీ పిలుస్తా. రా, రా, రా…

…

… అంతే, మళ్ళీ కూర్చున్నాయి. అది కూర్చుంటే కూర్చుంటాయని చెప్తున్నా కదా.

… నవ్వకండి సార్. … అన్నీ కుంటివేం కావు. మీరెలా అంటారు ఆ మాట? ఆ గోధుమ రంగు దాన్ని చూడండి, ఎత్తి చూపిస్తా. చూడండి ఈ కాళ్ళు. కొలిచి కత్తిరించినట్టు లేవూ? … ఎత్తి చూపిస్తే ఎవరికి తెలుస్తుందా? అయితే ఒక పని చేస్తా. ఆ ముందుదాన్ని ఎత్తి గదిలో పెట్టి తలుపేస్తా. అది కనబడకపోతే ఇవి ఎలా పరిగెడతాయో మీరే చూద్దురు గాని. ఒక్క నిమిషం సార్, మీరు అలాగే—

…

… ఏం సార్? … చప్పుడా?

… నా జేబులోంచా?

… ఫోను సార్. … ఎవరూ లేరు. ఏదో… దగ్గినట్టుందా.

…

…

అవసరం లేదంటారా? … సరే. దాన్ని అలాగే ఉండనిస్తా.

… ఊఁ.

… అవును సార్. మీరు చెప్పిందే. కుంటివే.

… అన్నీ.

… మా వాడు పారేయాల్సినవే తెచ్చాడు. ఒక్క మంచి పిల్లనీ ముట్టుకోలేదు. … నేనే ఏదో పిచ్చి కొద్దీ, నడుస్తున్నాయని అనుకుంటున్నా. చూసి చూసి అలా అనిపిస్తుంది కదా.

… దాణా దండగేలెండి. … ఇంట్లో ఆయనా అదే అంటారు.

… ఫోటోనా? తీసుకోండి. కూర్చున్నవి కూర్చున్నట్టే తీయండి, ఓనరుగారికి బాగా కనిపిస్తుంది.

… వాడిని రేపట్నుంచి పనిలోకి రమ్మంటారా? … చెప్తా. … చెప్తా సార్. … ఆ, ఇంకెప్పుడూ ఫోటోలు పెట్టొద్దని చెప్తా. అది నేను బాగా చెప్తా.

మంచిది సార్. గడప దగ్గర జారుతుంది, చూసుకుని వెళ్ళండి.

…

…

… వెళ్ళాడు. సందు మలుపు తిరిగాడు.

ఉన్నావా?

… విన్నావు కదా. రేపు పనిలోకి రమ్మన్నాడు. … రమ్మన్నాడురా, మళ్ళీ మళ్ళీ అడగకు. … "అక్కా" అనకు. థాంక్సూ గీంక్సూ వద్దు.

… దగ్గొద్దన్నా కదా నేను?

… ఊఁ. దగ్గకపోతే ఏమయ్యేదో నాకూ తెలుసు. నా నోరు నాకు శత్రువు. ఇంకో నిమిషముంటే మేస్త్రిని గదిలో వేసి, మందనంతా ఆయన చుట్టూ పరుగులు పెట్టించేదాన్ని. కాళ్ళు బాగున్నాయని నేనంటుంటే నవ్వాడురా ఆ మనిషి. నవ్వాడు. నీ పని సంగతే మర్చిపోయా ఆ నవ్వుకి.

…

నా నోటితో నేనే అన్నా. విన్నావా? కుంటివే, అన్నీ, అని. వాటి ముందు నిలబడి అన్నా. … బాతులకి మాటలర్థం కావని నాకు తెలీదా? నాకర్థమయ్యాయి కదా. ఇన్నాళ్ళూ ఎవరేమన్నా పడలేదు. పక్కింటావిడ కుంటిబాతుల కొంప అంటే, ఒకసారి నడిపించి చూపించి నోరు మూయించా. ఇవాళ ఆయనంటే, అవును సార్ అన్నా.

… నీకోసం కాక ఇంకెవరికోసం? ఆ సిల్వర్ హెల్మెట్టు కోసమా?

… చెప్పు.

…

… మళ్ళీ చెప్పు.

… "బాగా చేశావు" అని ఇప్పుడు అంటావేంట్రా, వెధవా. చేసిందేమో వాటిని నడిపించడం, నువ్వు మెచ్చుకునేదేమో కుంటివన్నందుకు.

… రెండిటికీనా. సరే. ఊరుకో.

… మేస్త్రి లేచింది. అన్నీ లేచాయి. నాలుగడుగులేసి మళ్ళీ కూర్చుంటాయి, చూడు… ఆ, కూర్చున్నాయి. వీటి మొహాలకి తోడు నీ మొహం.

ఇక విను. ముందు ఆ గ్రూపులోంచి ఫోటో తీసెయ్. మరదలికి ఏమీ చెప్పకు, గండం గడిచిపోయింది. అన్నిటికంటే ముఖ్యం, పెట్టెలు తేవడం మానెయ్. ఇంకొకటి బయటపడిందంటే ఈసారి నేను గడ్డి తిన్నా ఆయన నమ్మడు. ఇదే ఆఖరు. వింటున్నావా? … అలా కాదు, "సరే అక్కా" అను.

… అను.

… ఎందుకనవు?

…

ఉండు. ఆ చప్పుడేంటి?

… నీ దగ్గరే. స్పీకర్లో స్పష్టంగా వినబడుతోంది. కీచు కీచుమంటోంది. … ఎక్కడున్నావు నువ్వు? … బస్టాపులోనా. బస్టాపులో పిచ్చుకలా?

… నాకు పిచ్చుక గొంతూ తెలుసు, బాతుపిల్ల గొంతూ తెలుసు.

…

ఒరేయ్. పని పోతుందని నాకు ఫోను చేసి ఏడుస్తూ, చొక్కా జేబులో పిల్లని పెట్టుకుని కూర్చున్నావా?

… ఇవాళ కూడానా? ఆయన నిన్ను తిట్టాక కూడానా?

… డ్రమ్ము దాకా వెళ్ళావు.

… మూత కూడా తీశావు.

…

…

ఏ కాలు?

… రెండూనా. ముడుచుకున్నాయా, పక్కకి జారుతున్నాయా?

… జారుతున్నాయి. … సరే. జేబుకి బొత్తాం పెట్టకు, దానికి ఊపిరాడాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, చలిగాలి తగులుతుంది.

… ఏమీ అనట్లేదులే. పెట్టేయ్. నేను ఎలాస్టిక్ కత్తిరించుకోవాలి.